సబ్ ఊఫర్ ఎంపికలో కింది ఇంటివారి పాత్ర

బెంగళూరులో ఉద్యోగం చేసే తెలుగువాడి జీవితంలో రెండు పెద్ద నిర్ణయాలుంటాయి. ఒకటి పెళ్ళి, అది పెద్దవాళ్ళు చూసుకుంటారు. రెండోది సబ్ ఊఫర్, అంటే బేస్ అనే లోతైన మోతల కోసమే పెట్టుకునే స్పీకర్ డబ్బా. దీనికి మాత్రం వాడే ఎక్సెల్ షీట్ తెరుచుకుని కూర్చుంటాడు.

మారతహళ్లిలో అద్దె ఫ్లాటు. హాలు వెడల్పు 12 అడుగులు. వాడి షరతు ఒక్కటే: పొద్దున పాటలకీ పనికిరావాలి, రాత్రి సినిమాకీ పనికిరావాలి. మృదంగం మీద దెబ్బ పడితే మోత అక్కడికక్కడే తెగాలి, సినిమాలో బాంబు పడితే సోఫా అదరాలి. న్యాయమైన కోరికే.

ఇది చెవిన పడగానే స్నేహితులు రెండు పార్టీలుగా చీలిపోతారు. సీల్డ్ పార్టీ డబ్బా అన్ని వైపులా మూసి ఉండాలంటుంది. లోపల చిక్కుకున్న గాలి కోన్‌ని (ఊగి శబ్దం పుట్టించే పొరని) అదుపులో పెడుతుంది, స్వరం కిందికి దిగేకొద్దీ మోత ఆక్టేవ్‌కి, అంటే సెకనుకి ఊపుల లెక్క (హెర్ట్జ్) సగమైన ప్రతిసారీ, 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. పోర్టెడ్ పార్టీ డబ్బాకి గొట్టం ఉండాల్సిందే అంటుంది. గొట్టాన్ని ఏ స్వరానికి ట్యూన్ చేస్తే ఆ స్వరం దగ్గర దానిలోని గాలి కూడా చాకిరీ చేస్తుంది కనుక అదే కరెంటుకి ఎక్కువ మోత. ఆ గీత దాటి కిందికి దిగితే మాత్రం ఆక్టేవ్‌కి 24 చొప్పున కూలిపోతుంది. ‘పాటలకి సీల్డ్, సినిమాకి పోర్టెడ్’ అన్న మాటలో కొంత నిజముంది. గొడవ ఇన్నేళ్ళుగా తెగకపోవడానికి కారణం ఆ కొంతే.

ఇంతకీ ఓటు హక్కున్నది గదికి. 12 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం తిష్ఠ వేస్తుంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్. అంటే దాని పై స్వరాలు రెండు మూడు గోడ పక్కన ఉరుముతాయి, సరిగ్గా గది మధ్యలో కూర్చున్నవాడికి మాయమవుతాయి. సీల్డా, పోర్టెడా అని గోడలు అడగవు. రెండో సబ్ ఊఫర్ పెడితే గదిలో ఎగుడుదిగుళ్ళు తగ్గుతాయని శాస్త్రం. దానివల్ల ఇంట్లో వచ్చే ఎగుడుదిగుళ్ళ గురించి శాస్త్రం మౌనం వహించింది.

విరుగుడు ఉంది. సబ్ ఊఫర్‌ని సోఫా మీద, మనం కూర్చునే చోట కూర్చోబెట్టాలి. ఒకే పాటని మళ్ళీ మళ్ళీ పెట్టి, మనం గోడల వెంట పాకాలి. ఎక్కడ బేస్ సమంగా వినిపిస్తే అక్కడ దాన్ని దించాలి. ఆ ప్రకారం ఒక ఆదివారం ఉదయం, కంపెనీలో ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్ హోదా గల అల్లుడు చెవి నేలకి ఆనించి పాకుతుండగా ఒంగోలు నుంచి వచ్చిన మామగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టారు.

“ఏమైనా పోయిందా బాబూ?”

“బేసండీ.”

“పెద్దదేనా?”

“47 హెర్ట్జండీ.”

మామగారు కళ్ళజోడు తగిలించుకుని టీపాయ్ కింద వెతకడం మొదలుపెట్టారు.

వెతగ్గా వెతగ్గా సరైన చోటు దొరికింది. అది దేవుడి మందిరం ముందు. 80 హెర్ట్జ్ కింద శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పెద్దగా పట్టుకోలేదని కొనేముందు భార్యని ఒప్పించింది వాడే. “ఎటు నుంచి వచ్చినా ఒకటే అన్నారుగా,” అని ఆవిడ దాన్ని చెప్పుల స్టాండ్ పక్కకి జరిపించింది. ఇప్పుడు దాని మీద మనీప్లాంటు.

ఇక చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది దాటితే 45 డెసిబెల్స్ మించకూడదు. అయితే కొలిచేది ‘ఎ’ వెయిటింగ్‌తో, అంటే చెవికి ఆనినంతే లెక్కేసే పద్ధతిలో. మనిషి చెవికి లోతైన శబ్దాలు తక్కువగా ఆనతాయి కనుక 30 హెర్ట్జ్ ప్రాంతంలో ఆ లెక్క దాదాపు 40 డెసిబెల్స్ మాఫీ చేస్తుంది. అక్కడ 90 మోగించినవాడు మీటరు దృష్టిలో 50. పగటిపూట ఆదర్శ పౌరుడే! రైతు రుణాలకి దొరకనంత ఉదారమైన మాఫీ ఇది.

ఆ చెవి సంగతే కొన్నవాడినీ ముంచింది. 20 హెర్ట్జ్ శబ్దం అసలు వినపడాలంటేనే దాదాపు 78 డెసిబెల్స్ ఉండాలి. పిల్లలు పడుకున్నాక సౌండు తగ్గించి సినిమా చూసేవాడికి, తాను డబ్బు పోసి కొన్న ఆ అడుగు స్వరం వినిపించదు. ఎక్సెల్ షీట్‌లో మాత్రం ఉంటుంది.

సౌండు పెంచిన రోజున పూర్తి ప్రయోజనం కింది ఫ్లాటుకే. మాటల్నీ పాటల్నీ స్లాబు చాలావరకు ఆపేస్తుంది, 20 హెర్ట్జ్ దగ్గర 17 మీటర్ల పొడవుండే శబ్దపు అలని ఆపడం దాని తరం కాదు. కాబట్టి వాళ్ళకి కథ, కామెడీ, హీరోయిన్ ఏవీ అందకుండా ఫైట్లు మాత్రమే అందుతాయి. కొన్ని సినిమాలకి ఇది లాభమే అనుకోండి.

అందుచేత అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వచ్చే జనరల్ బాడీలో ఒక తీర్మానం చేయాలని నా మనవి. డెమో కొనేవాడి హాల్లో కాకుండా కింది ఇంటివారి పడకగదిలో, వారు మంచం మీద పడుకుని ఉండగా జరగాలి. సీల్డో పోర్టెడో వారే తేల్చాలి. వాల్యూమ్ రిమోట్ వారి దగ్గరే ఉండాలి. ఇంటర్వెల్‌లో ఎవరు ఎవర్ని ఎందుకు కొడుతున్నారో పై ఇంటివాడు వాళ్ళకి వాట్సాప్‌లో రాసి పంపాలి.