అండర్‌డాగ్‌కు ఎడమ కాలు అవసరమా?

కాలనీ జట్టు నుంచి జిల్లా జట్టు దాకా, ఓడిపోయే ఫుట్‌బాల్ జట్లన్నింటికీ ఉన్నది ఒకటే జబ్బని నిపుణులు తేల్చేశారు. దాని పేరు మైండ్‌సెట్. లెఫ్ట్ బ్యాక్ (ఎడమ పక్క డిఫెండర్) ఒక్క అడుగు వెనక ఉండిపోయి ప్రత్యర్థి ఫార్వర్డ్‌ను ఆఫ్‌సైడ్ (పాస్ కొట్టే క్షణానికే ఆఖరి డిఫెండర్‌ను దాటి ఉన్న తప్పు) కాకుండా కాపాడాడా? మైండ్‌సెట్. కార్నర్ కిక్‌కు నియర్ పోస్ట్ (బంతి వచ్చే వైపు గోల్ స్తంభం) దగ్గర మనవాడొక్కడూ లేడా? మైండ్‌సెట్. పొద్దున ఆరింటికి ప్రాక్టీస్ అంటే ఏడున్నరకు ఏడుగురొచ్చారా? అది మాత్రం ట్రాఫిక్.

కొందరు గిట్టనివాళ్లు ఈ నిర్ధారణ మీద అనుమానాలు లేవదీస్తున్నారు. ఆటగాడి లోపల సింహం మేల్కొన్నంత మాత్రాన పాస్ సరిగ్గా పడుతుందా అని అడుగుతున్నారు. ఇలాంటి ప్రశ్నలను మొగ్గలోనే తుంచాలి. లేకపోతే స్ఫూర్తి ఉపన్యాసాల మీద బతుకుతున్న ఇన్ని కుటుంబాలు ఏమైపోవాలి? అందుకే వాళ్ల వాదనలను ఒక్కొక్కటిగా బయటపెట్టి ఖండించడం ఈ వ్యాసం బాధ్యత.

వాళ్లు ముందుగా తెచ్చేది లెస్టర్ సిటీ పేరు. 2015-16 ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ మొదలయ్యేనాటికి ఆ జట్టు కప్పు కొడుతుందని ఒక పౌండ్ కాస్తే అయిదు వేలు ఇస్తామన్నారు బుకీలు. అంతకు ముందు సీజన్‌లో క్రిస్మస్ నాటికి పట్టికలో అట్టడుగున ఉండి, చివరి 9 మ్యాచ్‌ల్లో 7 గెలిచి, కింది లీగ్‌కు జారిపోకుండా నిలిచిన జట్టది. అలాంటిది 38 మ్యాచ్‌ల్లో 23 గెలిచి, 12 డ్రా చేసుకుని, మూడే ఓడింది. 81 పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న ఆర్సెనల్‌కు 71.

ఇంత ఘనకార్యం చేసి, మన వక్తలకు స్లైడ్ మీద పెట్టుకునే ముక్క ఒక్కటైనా మిగిల్చారా? లేదు. మొదటి 9 మ్యాచ్‌ల్లో 17 గోల్స్ ఇచ్చుకున్న జట్టుకు కోచ్ క్లాడియో రానియెరి చెప్పిన వేదాంతం ఏమిటయ్యా అంటే, గోల్ ఇవ్వకుండా ఒక్క మ్యాచ్ ముగిస్తే పిజ్జా పెట్టిస్తానని. అక్టోబర్ 24న క్రిస్టల్ ప్యాలెస్ జట్టు మీద 1-0తో గెలిచారు. పిజ్జా కొట్టుకు తీసుకెళ్లి, దాన్ని కూడా మీరే చేసుకోండన్నాడు. పిండి పిసికారు. ఆ మ్యాచ్‌తో కలిపి మిగిలిన 29 మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 19. పిజ్జాకు అంత మహిమ ఉందని ఎవరూ అనరు. వెనక నలుగురూ గీత తప్పకుండా నిలబడ్డారు, అంతే. పైగా వారానికి రెండు రోజులు పూర్తి సెలవు ఇచ్చాడట ఆ పెద్దమనిషి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మంచునీళ్లలో దూకమని చెప్పనివాడు అండర్‌డాగ్‌లకు కోచ్ ఎలా అయ్యాడో!

లెస్టర్ స్ట్రైకర్ జేమీ వార్డీ సంగతి ఇంకా ఘోరం. పొట్టిగా ఉన్నావని షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు పదహారేళ్లకే బయటికి పంపేసింది. తర్వాత వైద్యానికి వాడే స్ప్లింట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ, స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న జట్టులో వారానికి 30 పౌండ్లకు ఆడాడు. ఇక్కడిదాకా కథ బ్రహ్మాండంగా ఉంది, వెనకాల వయొలిన్ కూడా పెట్టుకోవచ్చు. కానీ వరుసగా 11 లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టి రికార్డు సృష్టించినవాడు మ్యాచ్ రోజు ఏం తీసుకునేవాడంటే మూడు డబ్బాల రెడ్‌బుల్. ముందు రోజు రాత్రి పోర్ట్ వైన్. స్వయంగా అతనే చెప్పుకున్నాడు. ఈ అలవాటును ఏ వక్త సమర్థించగలడు? దీని జోలికి ఎవరూ వెళ్లవద్దనే మనవి. అతని గోల్స్ వచ్చింది డబ్బాలోంచి కాదు, డిఫెండర్ భుజం వెనక నుంచి. ఆఖరి డిఫెండర్‌కు కనబడకుండా అతని వీపు వైపు నిలబడటం, మిడ్‌ఫీల్డర్ డ్రింక్‌వాటర్ పాస్ కోసం తలెత్తిన క్షణమే పరుగు తీయడం. అర సెకను ముందు కదిలితే ఆఫ్‌సైడ్, అర సెకను ఆలస్యమైతే బంతి గోల్‌కీపర్‌ది.

ఇక అసలు నేరం. లెస్టర్ మ్యాచ్‌లో సగానికి పైగా సమయం బంతి లేకుండానే గడిపేది. ఆ ఏడాది బంతిని అతి తక్కువసేపు అట్టిపెట్టుకున్న జట్లలో అదొకటి. బంతి లేని మనిషి ఏం చేయాలన్నది మన ఉపన్యాసాల్లో ఎక్కడా రాదు. ఆ గిట్టనివాళ్లు మాత్రం దీనికో లెక్క చెబుతారు. నలుగురు డిఫెండర్ల వరుసకూ, వాళ్ల ముందున్న నలుగురు మిడ్‌ఫీల్డర్ల వరుసకూ మధ్య దూరం పది పన్నెండు మీటర్లు దాటకూడదట. పక్కపక్క మనుషుల మధ్య ఏడెనిమిది మీటర్లు. అంటే 68 మీటర్ల వెడల్పున్న మైదానంలో మనం కాసేది పాతిక మీటర్లే, మిగతాది ప్రత్యర్థికి వదిలెయ్యడమే. బంతి కుడి అంచుకు పోతే వరుస మొత్తం కుడికి జరగాలి, ఎడమ అంచున ఆడే వింగర్ కూడా గీత వదిలి గోల్‌కు ఎదురుగా ఉన్న మధ్యభాగం దాకా రావాలి.

తేడా కొట్టేది ఇక్కడే. బంతి అటు పక్కన ఉన్నప్పుడు ఇటు వింగర్‌ను ఎవరూ చూడరు కాబట్టి అతను కాసేపు నడుము మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటాడు. అతనికీ సెంటర్ మిడ్‌ఫీల్డర్‌కూ మధ్య పదిహేను మీటర్ల సందు తెరుచుకుంటుంది. ఒకే ఒక్క అడ్డపాస్ చాలు. ఇంకో తేడా ముందున్న స్ట్రైకర్ దగ్గర. అతనికి పౌరుషం వచ్చి ఒంటరిగా బంతి మీదికి దూకుతాడు. జనం చప్పట్లు కొడతారు. అతని వెనక ఎవరూ కదలరు గనక ప్రత్యర్థి ఒక్క పాస్‌తో అతన్ని ఆటలోంచి తీసేస్తాడు. ప్రత్యర్థి బంతిని గట్టిగా తన్నుకున్నప్పుడో, సొంత గోల్ వైపు తిరిగి ఉన్నప్పుడో, వెనక్కి పాస్ ఇచ్చినప్పుడో మాత్రమే ముగ్గురు కలిసి మీదపడాలనీ, అయిదారు సెకన్లలో దొరక్కపోతే నోరు మూసుకుని వెనక్కి రావాలనీ వాళ్ల వాదన. ఇందులో సింహం ఎక్కడుంది?

జట్టుకృషి మీద కూడా మనదే పైచేయి. గ్రూప్ డీపీలో అందరం భుజాల మీద చేతులేసుకునే ఉంటాం. గోల్ పడగానే అవే చేతులు పక్కవాడి వైపు చాచుకుంటాయి. సెంటర్ బ్యాక్ పక్కనున్న అంచు డిఫెండర్‌ను, అంటే ఫుల్‌బ్యాక్‌ను చూస్తాడు, ఫుల్‌బ్యాక్ వింగర్‌ను చూస్తాడు, వింగర్ రిఫరీని చూస్తాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ముగ్గురికీ సమానంగా వర్తిస్తుంది కనుక దీన్ని జట్టుకృషి అనక తప్పదు. గిట్టనివాళ్లేమో ఇక్కడా పనికిమాలిన వివరాలే చెబుతారు: వెనక ఉన్నవాడికి మైదానం మొత్తం కనబడుతుంది కాబట్టి ముందున్నవాడికి అతనే చెప్పాలట, అదీ పాస్ చేరకముందే. “అన్నా, వెనక ఉన్నడు!” అన్న రెండు సెకన్ల మాట చాలట. బంతి కాలికి తగిలాక అరిస్తే అది సమాచారం కాదు, సంతాపం.

బెంచీ మీద కూర్చున్నవాడిని కూడా వదల్లేదు. అరవయ్యో నిమిషంలో దిగబోయేవాడు అప్పటిదాకా తనకు ఎదురుపడే ఫుల్‌బ్యాక్ ఒక్కణ్నే చూస్తూ కూర్చోవాలట. ఏ కాలితో క్లియర్ చేస్తున్నాడు, ఎటు తిరగాలంటే తడబడుతున్నాడు, అలిసిపోయాక పరుగెత్తి వెనక్కి వస్తున్నాడా, నడిచి వస్తున్నాడా. మరి సెల్ఫీ ఎప్పుడు దిగాలి?

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎడమ కాలి ఉద్యమం. వారానికి నాలుగు రోజులు, రోజుకు పావుగంట, గోడకు అయిదు మీటర్ల దూరంలో నిలబడి ఒక్క ఎడమ కాలితోనే పాస్ కొట్టమంటారు. ఆనించిన కుడి పాదం బంతి పక్కనే ఉండి గురి వైపు చూడాలి. చీలమండ దగ్గర కాలు బిగించి, పాదం లోపలి అంచుతో తగిలించాలి. కుడి పాదం బంతికి వెనకబడితే ఒళ్లు వెనక్కి వాలుతుంది, బంతి గోడ ఎక్కుతుంది, పక్కింటివాళ్లు బయటికొస్తారు. ఈ బాధంతా ఎందుకంటే, ఒక్క కాలితోనే బంతి ఆడగలిగేవాణ్ని కట్టెయ్యడానికి ఒక పక్క మూసేస్తే సరిపోతుందట. బంతిని మంచి కాలి మీదికి మార్చుకోవడానికి పట్టే ఆ ఒక్క అదనపు టచ్‌లోనే డిఫెండర్ వచ్చేస్తాడట. పావుగంట సేపు గోడను తన్నే వీడియోకు ఎవరైనా లైక్ కొడతారా?

విచారకరమైన విషయం, ఈ ఉద్యమానికి పునాది మన హైదరాబాద్‌లోనే పడింది. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో ఆడిస్తూ తీసుకుపోవడం) చేయకూడదన్న నిబంధనతో కొన్ని టోర్నమెంట్లు, బలహీనమైన కాలితోనే తన్నాలన్న నిబంధనతో మరికొన్ని నడిపించాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత సెంటర్ బ్యాక్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అప్పుడు రహీమ్ చేసినది చూడండి. అతన్ని ఇంటికి పంపలేదు, నీలో సింహముందనీ చెప్పలేదు. ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియమంతా మన మీద కేకలు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తల జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. స్వర్ణం.

ఫైనల్‌కు ముందు రహీమ్ తన కుర్రాళ్లను బంగారు పతకం కానుకగా అడిగాడని అప్పటివాళ్లు చెబుతారు. ఇదిగో, ఇది మనకు పనికొచ్చే మాట! దాని వెనకున్న పన్నెండేళ్ల కోచింగ్, ఎడమ కాలి టోర్నమెంట్లు, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలన్న లెక్కలు నలభై అయిదు నిమిషాల సెషన్‌లో ఎలాగూ పట్టవు, వాటిని తీసేద్దాం. కానుక మాట ఒక్కటే స్లైడ్ మీద పెద్దక్షరాలతో వేద్దాం. ఫీజు ముందుగానే చెల్లించాలి, జీఎస్టీ 18 శాతం అదనం.