ఆ తెల్ల మారుతిని నవ్వులపాలు చేయకండి

ఇక్కడ మిషిగన్‌లో మన తెలుగువాళ్లం చేసుకున్న ఈ ఉగాది సంబరాలకు వచ్చినవాళ్లందరికీ పంచాంగ శ్రవణం తర్వాత పిల్లలు వేసిన 'అప్పుడు - ఇప్పుడు' స్కిట్ గుర్తుండే ఉంటుంది. అట్టలతో చేసిన తెల్ల కారు, దాని మీద పెద్ద అక్షరాలతో మారుతి 800. పొట్టకి దిండు కట్టుకున్న నాన్న వేషం కుర్రాడు తాళం తిప్పుతాడు, బండి కదలదు. అమ్మ, బామ్మ, పిల్లలు దిగి తోస్తారు. ఆ వెంటనే నల్ల ఎస్‌యూవీ అట్ట స్టేజీ మీదకి వచ్చింది. "ఆ సబ్బుపెట్టెలోంచి ఇందులోకి, ఎంత దూరం వచ్చాం!" అని మైకులో వినపడగానే హాలంతా చప్పట్లు.

మా నాన్నగారు నా పక్కనే కూర్చున్నారు. ఆయన నవ్వలేదు. భోజనాల లైన్లో నిలబడ్డాక మెల్లగా అడిగారు: "మన బండిని మనం ఎప్పుడైనా తోశామట్రా?"

లేదు. ఒక్కసారి కూడా తోయలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పిల్లల మీద నాకే ఫిర్యాదూ లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలు అంత చక్కగా తెలుగు డైలాగులు చెప్పారంటే వాళ్ల తల్లిదండ్రులకీ, తెలుగు బడి టీచర్లకీ దణ్ణం పెట్టాలి. బాధల్లా రాసిచ్చిన పెద్దవాళ్లతోనే. మనం ఉంటున్నది అమెరికా కార్ల పరిశ్రమకి పుట్టిల్లైన మిషిగన్‌లో. హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది కార్ల కంపెనీల జీతాలతోనే ఇళ్లు కట్టుకున్నవాళ్లు. ఒక కారును కాగితం మీద నుంచి రోడ్డు మీదకి తేవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు కూడా నవ్వారు.

ఆ కారు మొదటి అడుగు తప్పటడుగే. చవకగా ప్రజల కారు చేస్తామంటూ 1971లో ప్రధాని ఇందిరా గాంధీ చిన్న కొడుకు సంజయ్ గాంధీ మారుతి లిమిటెడ్ పెట్టారు. గుర్గావ్‌లో భూమి, షెడ్లు వచ్చాయి గానీ జనం చేతికి కారు రాలేదు. 1977లో ప్రభుత్వం మారాక కంపెనీ మూతబడింది. 1980 జూన్‌లో ఆయన విమాన ప్రమాదంలో చనిపోయారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో, అదే చోట, ప్రభుత్వ సంస్థగా మారుతి ఉద్యోగ్ మొదలైంది. కరెంటు యంత్రాలు చేసే ప్రభుత్వ సంస్థ బీహెచ్ఈఎల్‌ను నడిపిన వి. కృష్ణమూర్తిగారికి బాధ్యత అప్పగించారు. ఆర్.సి. భార్గవగారు ఐఏఎస్ సర్వీసు నుంచి వచ్చి చేరారు.

వాళ్ల ముందున్న లెక్క చూడండి. అప్పటికి దేశం మొత్తంలో ఏడాదికి అమ్ముడయ్యే కార్లు సుమారు 40 వేలు. అంబాసిడర్, పద్మిని కార్లు రెండూ యాభైల నాటి డిజైన్లే. అలాంటి చోట ఏటా లక్ష బళ్లు చేస్తామంటే పేరున్న కంపెనీలు ముందుకు రాలేదు. జపాన్‌లో చిన్న బళ్లు, మోటార్‌సైకిళ్లు చేసే సుజుకీ ఒప్పుకుంది. కంపెనీని నడిపే ఒసాము సుజుకీ స్వయంగా కూర్చుని మాట్లాడి, 26 శాతం వాటా తీసుకున్నారు. 1982 అక్టోబరులో సంతకాలయ్యాయి. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు ఢిల్లీలో హర్‌పాల్ సింగ్ గారి చేతికిచ్చారు. పద్నాలుగు నెలలు! కొత్త మోడల్ వాయిదా పడ్డప్పుడల్లా మా కార్ల కంపెనీ మీటింగుల్లో నాకు ఈ అంకే గుర్తొస్తుంది. హర్‌పాల్ సింగ్ గారు మంత్రీ కాదు, సినిమా హీరో కాదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి, లాటరీలో పేరొచ్చింది. ధర 47,500 రూపాయలు. 10,000 కట్టి బుక్ చేసుకున్నవాళ్లు లక్షకు పైనే.

ఇంజన్ గురించి కూడా చెప్పాలి. జపాన్‌లో ఆ చిన్న కార్ల తరగతికి అప్పట్లో ఇంజన్ సైజు 550 సీసీ దాటకూడదని రూలు. బయటి దేశాల కోసం సుజుకీ 796 సీసీ ఇంజన్ పెట్టింది, మూడే సిలిండర్లు. మనకొచ్చింది అదే. 1986లో బాడీ మారి, మనందరి కళ్లలో ఉన్న ఆ నున్నటి రూపం వచ్చింది. మొదట్లో భాగాలు ఎక్కువగా జపాన్ నుంచే వచ్చేవి. 1985 తర్వాత యెన్ విలువ పెరిగేసరికి దిగుమతి భారమైపోయింది. దాంతో ఆ భాగాల్ని ఇక్కడే తయారు చేయించే పని మరింత జోరందుకుంది. ఈ రోజు మనతో వీడియో కాల్స్‌లో మాట్లాడే ఇండియా సప్లయర్లకి చాలావరకు అక్కడే పునాది పడింది. ఇంకో సంగతి: ఆ ఫ్యాక్టరీలో మేనేజరుకీ, కార్మికుడికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్. మన ఊళ్లలో ఆఫీసరు గది బయట బంట్రోతు స్టూలు వేసుకుని కూర్చునే రోజులవి.

మా ఇంటికి అది 1992లో వచ్చింది. నాన్నగారు తెనాలిలో బ్యాంకు ఉద్యోగి, స్టాఫ్ లోన్ మీద తీసుకున్నారు. తెల్ల రంగు, ఏపీ 7 నంబరు. బెజవాడ కనకదుర్గమ్మ దగ్గర పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. స్టీరింగ్ మీద పెట్టిన కుంకుమ బొట్టు చెరిగిపోతుందని మొదటి రోజు ఆయన దాని పక్కగా పట్టుకుని నడిపారు. సీట్ల ప్లాస్టిక్ కవర్లు ఏడాది దాకా తీయలేదు. ఎండాకాలంలో కాళ్లకి అంటుకునేవి, అయినా ఎవరం నోరెత్తలేదు. చలికాలం పొద్దున్నే, చల్లబడ్డ ఇంజన్ స్టార్టవడానికి లాగే నల్ల చోక్ నాబ్‌ని సగం వరకే లాగి, తాళం తిప్పి, ఇంజన్ చప్పుడు సర్దుకున్నాక చూపుడువేలితో మెల్లగా లోపలికి నొక్కేవారు. ఆ పని ఇంకెవరినీ చేయనిచ్చేవారు కాదు.

దానికి రెండేళ్ల ముందు ఒక రాత్రి నాయనమ్మకి గుండెనొప్పి వచ్చింది. నాన్నగారు సైకిల్ మీద టాక్సీ స్టాండుకి పరుగెత్తారు. అంబాసిడర్ ఉంది, డ్రైవరు లేడు. అతని ఇల్లు వెతికి, నిద్రలేపి, తీసుకొచ్చేసరికి గంటన్నర. గుంటూరు పాతిక కిలోమీటర్లే. నాయనమ్మ బతికింది గానీ, వాకిట్లో నిలబడి రోడ్డు వైపు చూసిన ఆ గంటన్నర అమ్మ మర్చిపోలేదు. 1994లో మళ్లీ అలాగే నొప్పి వస్తే, పది నిమిషాల్లో మేం ఊరు దాటేశాం.

నా ఉద్యోగం కార్లని గుద్దించి భద్రత చూసే క్రాష్ టెస్టుల దగ్గర. కాబట్టి రెండో వైపు కూడా చెప్పకపోతే తప్పు. ఆ బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు. బాడీ తేలిక, తగిలితే ప్రమాదమే. అందులో ఏడుగురం తిరుపతి వెళ్లాం. చెల్లి అమ్మ ఒళ్లో, పులిహోర డబ్బా నా ఒళ్లో, వెనక ఎవరికీ బెల్టు లేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. నా పిల్లల్ని అలా కూర్చోనివ్వను. అదీగాక, అది పేదవాడి కారేమీ కాదు. అప్పు పుట్టే ఉద్యోగం ఉన్నవాళ్లకే అందింది. ఇవన్నీ పిల్లలకి చెబుదాం, దాచొద్దు. కానీ జీతం రాళ్లతో బతికే ఇంటికి, ఎవరినీ బతిమాలకుండా అర్ధరాత్రి బయల్దేరే ధైర్యం ఇచ్చిన మొదటి వస్తువు అదే. పాతిక లక్షలకు పైగా ఇళ్లకి వెళ్లి, 2014 జనవరిలో దాని తయారీ ఆగింది. అలాంటిదాన్ని స్టేజీ మీద తోయించి నవ్వడం నాకు మింగుడుపడలేదు.

కల్చరల్ కమిటీ వాళ్లకి నా విన్నపం ఒక్కటే. దీపావళి ప్రోగ్రాంలో పదిహేను నిమిషాలు ఇవ్వండి. స్క్రిప్టు మనం రాయొద్దు. ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మానాన్నల్ని, అత్తమామల్ని తెలుగు బడి పిల్లల ముందు కూర్చోబెడదాం. మొదటి బండి ఎలా కొన్నారు, ఎవరి దగ్గర అప్పు చేశారు, మొదట ఎక్కడికి వెళ్లారు అని పిల్లలే అడుగుతారు. ఆ కబుర్లతో వాళ్లే స్కిట్ కట్టుకుంటారు. అదే అట్ట కారు వాడుకోవచ్చు, బాగా చేశారు దాన్ని. స్టోరేజీలో ఉంటే దయచేసి పారేయకండి.

నాన్నగారు నవంబరు దాకా ఇక్కడే ఉంటారు. చోక్ ఎంతవరకు లాగాలో పిల్లలకి చూపిస్తానన్నారు.