ఏ మైకూ హద్దు దాటదు, మోత మాత్రం దాటుతుంది

గణేశ్ నవరాత్రుల్లో కాలనీ కూడలిలో ఉన్న ఒక ఇంటిని ఊహించుకుందాం. చుట్టూ నాలుగు మండపాలున్నాయి. ఒక్కో మండపం నుంచి ఆ ఇంటి గుమ్మానికి చేరే శబ్దాన్ని విడిగా కొలిస్తే 54 డెసిబెళ్లే ఉంది. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 కాబట్టి నిర్వాహకుల్లో ఎవరినీ తప్పుపట్టలేం. నాలుగూ కలిసి మోగితే మాత్రం అదే గుమ్మం దగ్గర మీటరు 60 చూపుతుంది.

డెసిబెళ్లను మామూలు అంకెల్లా కూడలేం. ఇది సంవర్గమానాల మీద ఆధారపడిన కొలమానం కనుక ధ్వని శక్తి రెట్టింపైతే 3 డెసిబెళ్లు, నాలుగు రెట్లయితే 6, పది రెట్లయితే 10 మాత్రమే పెరుగుతాయి. పరిమితికి మించిన ఆ 5 డెసిబెళ్లు చూడటానికి స్వల్పమే అయినా, అనుమతించిన దానికి మూడు రెట్లకు పైగా శక్తి ఆ ఇంటిని తాకుతోందని వాటి అర్థం. మూడు డెసిబెళ్ల తేడాను మనం అంతంతమాత్రంగానే గుర్తిస్తాం, వినికిడికి జరిగే హాని మాత్రం చెవికి అందిన శక్తిని బట్టి ఉంటుంది. అందుకే అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్, 85 డెసిబెళ్ల మోతలో ఎనిమిది గంటలు పనిచేయవచ్చని చెబుతూ, 88కి చేరితే ఆ గడువును నాలుగు గంటలకు కుదించింది.

ఫిర్యాదు వచ్చినప్పుడు ఒక మండపం మైకును ఆపిస్తే ఆ గుమ్మం దగ్గర శబ్దం 60 నుంచి 58.8కి తగ్గుతుంది. ఇంట్లోవారికి తేడా తెలియదు, మైకు కట్టేసినవారికి తమనొక్కరినే వేధించారన్న బాధ మిగులుతుంది. ఇద్దరి ఆవేదనలోనూ న్యాయం ఉంది. లోపమల్లా ఒక్కో మైకును విడివిడిగా చూసే అమలు తీరులో ఉంది. నిజానికి 55 అన్న పరిమితి ఆ ప్రాంతంలో వినిపించే మొత్తం శబ్దానికి పెట్టినదే తప్ప, ఒక్కో మైకుకు పంచిపెట్టిన వాటా కాదు.

అదే కూడలికి 70 డెసిబెళ్ల డీజే వచ్చిందనుకుంటే లెక్క తలకిందులవుతుంది. డీజేతో పాటు నాలుగు మండపాలూ మోగితే మొత్తం 70.4. మండపాలన్నింటినీ ఆపినా తగ్గేది అర డెసిబెల్ కూడా కాదు, డీజే ఒక్కటి ఆగితే మళ్లీ 60కి దిగుతుంది. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ 2024లో హైదరాబాద్ పోలీసులు తీసుకున్న నిర్ణయానికి ఈ లెక్క గట్టి ఆధారమని నా అభిప్రాయం.

సమాన స్థాయి మైకులు గుమిగూడిన చోట ఆ మార్గం పనిచేయదు. అక్కడ అనుమతులిచ్చేటప్పుడే కూడి చూడాలి. మండపాల వివరాలు పోలీసుల దగ్గరకు ముందుగానే వస్తున్నాయి కనుక, ఇళ్లకు సమాన దూరంలో నాలుగు మండపాలుంటే ఒక్కోదాని శబ్దం ఆ ఇళ్ల దగ్గర 49 డెసిబెళ్లకు మించకూడదని షరతు పెట్టవచ్చు. అప్పుడు నాలుగూ కలిసినా మొత్తం 55 దగ్గరే ఆగుతుంది.