శ్రీయుత ఆటల పీరియడ్ గారికి

అయ్యా,

నిన్న పేరెంట్స్ మీటింగులో మా వాడి ప్రోగ్రెస్ కార్డు ఇచ్చారు. తమరి గడిలో 'ఎ గ్రేడు'. 600 మీటర్ల పరుగుకి టైము కూడా వేశారు, సెకన్లతో సహా! ఎక్కడ పరిగెత్తాడండీ అంటే మేడమ్ గారు కిందికి చూపించారు. సెల్లారు. ఓ పక్క స్కూలు వ్యాన్లు, ఇంకో పక్క జనరేటరు. ఇంటికొచ్చి వాణ్ణే అడిగా. "పరుగేం లేదు నాన్నా, హైటూ వెయిటూ చూశారు. మిగతాది సారు రాసేసుకున్నారు."

మొన్న లిఫ్టు ఆగితే ఈ ఎ గ్రేడు వీరుడే మూడో అంతస్తులో మెట్ల మీద కూలబడ్డాడు.

తమరు టైంటేబుల్లో ఉంటారు. ఫీజు రసీదులో మరీ స్పష్టంగా ఉంటారు. శనివారం వచ్చేసరికి మాత్రం లెక్కల సారొచ్చి తమరి కుర్చీలో కూర్చుంటారు. సిలబస్ వెనకబడిందట. జూన్‌లోనే ఎలా వెనకబడుతుందండీ? ఆరో తరగతికి ఐఐటీ ఫౌండేషనట! పోయినేడు కొన్న తెల్ల కాన్వాసు బూట్లు చూడండి. కాలు పెరిగి బిగుతయ్యాయి గానీ అడుగు అరగలేదు. పిల్లలకి రోజూ 60 నిమిషాల ఆట కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. తమరు వారానికి ఉండేదే 40, అదీ అరువిచ్చేస్తారు.

ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవమని మాత్రం హాకీ వీరుడు ధ్యాన్‌చంద్‌కి దండ, పక్కన మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి ఫ్లెక్సీ. హర్డిల్స్ పరుగులో ఆసియా బంగారు పతకం తెచ్చిన ఆ పిల్ల ఈ సెల్లార్లో పరిగెడితే మొదటి హర్డిల్ స్కూలు వ్యానే.

పద్మనాభం ఊరి నుంచి మా అక్క కూతురు దసరాకి వచ్చింది. కైలాసగిరి కొండ మెట్లెక్కేసి, పైన కూర్చుని మా వాడి కోసం ఎదురుచూసింది. అది తమరి ఘనత అనుకోకండి. బడికి నడిచి నడిచి వచ్చిన సత్తువ అది. వాళ్ల హైస్కూలుకి గ్రౌండు ఉంది, అందులో మేకలున్నాయి, డ్రిల్లు మాష్టారు లేరు. పైగా "పెద్దదానివయ్యావు, ఇంకా ఆటలేటే?" అని ఇంట్లో సణుగుడు. ఈ ఏడు ఆటో కూడా మాట్లాడేశారు. ఆ నడకా పోయినట్టే.

ఇంక మర్యాదలు చాలు. ఆడించకపోతే ఆడించలేదని రాయండి. పిల్లాడి ఒంటి మీద దొంగలెక్కలు రాస్తారా? కార్డు మీద సంతకం పెట్టలేదు, పెట్టను. ముందు వాణ్ణి నా ఎదురుగా పరిగెత్తించండి. స్టాప్‌వాచ్ నేనే తెచ్చుకుంటా.

ఇట్లు,
ఎ గ్రేడు వారి తండ్రి,
సీతమ్మధార