పరిశుభ్రత సభ, మన ఎంగిలి ప్లేట్లు

డిసెంబరు సేవా కార్యక్రమాలకని మన అమెరికా తెలుగు సంఘం వాళ్లు హైదరాబాద్‌లో పెట్టిన పరిశుభ్రత సభకు నేనూ వెళ్లాను. "మా అమెరికాలో సీసాలు, అట్టపెట్టెలు ఎవరివి వాళ్లే కార్లో వేసుకెళ్లి రీసైక్లింగ్ సెంటర్లో ఇచ్చి వస్తాం. ఇక్కడివాళ్లకు ఆ అలవాటే లేదు" అన్నారు వేదిక మీది పెద్దాయన. చప్పట్లు మోగాయి. భోజనాలయ్యాక పప్పు అంటిన ప్లేట్లు, సగం తాగిన నీళ్ల సీసాలు, శాలువాల కవర్లు అన్నీ కలిపి నల్ల సంచుల్లో కుక్కి గేటు పక్కన పడేశారు. హాలు ఊడ్చే ఆవిడ వాటిలోంచి సీసాలు ఏరుకుంటోంది. గ్రూప్ ఫొటోకి మాత్రం అందరూ టైముకి వచ్చారు.

అలవాటు లేదట! కూకట్‌పల్లిలో మా అమ్మ పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించదు. ముక్క ఊడితే సింకులోకి పోతుందని కొంచెం అంటిపెట్టి ఉంచుతుంది. కడిగి, కిటికీ ఊచకు తగిలించి, ఆరాక మడిచి బియ్యం సంచిలో దాస్తుంది. పాత పేపర్లవాడు వస్తే కాటా మీంచి చూపు తిప్పదు. అదే అమ్మ దీపావళి సర్దుళ్లలో తేలిన చిరిగిన దిండును సందు చివరి ఖాళీ స్థలంలో వేయించేస్తుంది, అదీ నిజమే.

అమెరికాకూ అంత గొప్పేం లేదు. 2018లో చైనా పాత ప్లాస్టిక్ కొనడం ఆపేయగానే అక్కడ చాలా ఊళ్లలో రీసైక్లింగ్ చతికిలబడింది. ఇక్కడ హైదరాబాద్‌లో 2015లో తడి చెత్తకు పచ్చ, పొడి చెత్తకు నీలం డబ్బాలు ఇంటింటికీ పంచారు. ఎన్ని ఇళ్లలో ఆ నీలం డబ్బాలో ఉల్లిపాయలున్నాయో మీకూ తెలుసు. తడి, పొడి కలిపి స్వచ్ఛ ఆటోలో పోస్తే చివరికి భరించేది నగరం చెత్త చేరే జవహర్‌నగర్ డంప్‌యార్డు చుట్టుపక్కలవాళ్లు. పాతసామాన్లవాడు ధర పలికేవే తీసుకుంటాడు. మిగతావాటి కోసం జీహెచ్‌ఎంసీ పొడి చెత్త సేకరణ కేంద్రాలున్నాయి. అక్కడ చెత్త వేరుచేసే ఆడవాళ్లకు కావలసింది మన ఉపన్యాసం కాదు, పప్పు అంటని ప్లాస్టిక్.

అందుకే మన సంఘం కార్యవర్గానికి నా మనవి. వచ్చే డిసెంబరులో ఫ్లెక్సీలు తగ్గించండి. టెంట్‌హౌస్ నుంచి స్టీలు పళ్లాలు తెప్పించండి. దగ్గరి కేంద్రం ఏమేం తీసుకుంటుందో ముందే కనుక్కుని, సభలో మిగిలిన పొడి చెత్తను మన కార్లలోనే తీసుకెళ్లి ఇద్దాం. ఫ్లెక్సీల మీద మిగిలిన డబ్బుతో అక్కడ పనిచేసేవాళ్లకు చేతి తొడుగులు కొందాం. బడ్జెట్ మీటింగ్‌లో ఈ పద్దు కూడా రాసుకోండి.