నార్మలే, కానీ మళ్లీ రండి!

"రిపోర్టులన్నీ నార్మలే. పదిహేను రోజులాగి ఓసారి కనిపించండి." నార్మలైతే ఇంక కనిపించడం దేనికండీ? ఓపీ చీటీ చెల్లేది వారమే. రమ్మనేదేమో సరిగ్గా అది దాటాకే!

మా అమ్మకి షుగరు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చెప్పేదే రెండు మూడు నెలల షుగరు సగటు. దాన్ని నెలనెలా చేయిస్తే కొత్తగా ఏం తేలుతుంది, ల్యాబు బిల్లు తప్ప? మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కి, టోకెన్ తీసుకుని, బీపీ చూపించుకుని, ఆ ఇనుప కుర్చీలో గంటలకొద్దీ కూర్చుంటే లోపల రెండు నిమిషాలు. ఫైలు తిరగేసి, "అవే మాత్రలు వాడండమ్మా." ఈ ముక్క ఫోన్లో చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?

పోనీ మానేద్దామంటే రిసెప్షన్‌లో అమ్మాయి, "మీ ఇష్టం సార్, తర్వాత ఏమైనా అయితే మాకు సంబంధం లేదు" అంటుంది. ఆ మాట విన్నాక మానేసే ధైర్యం ఎవడికుంటుంది?