గుండు, బద్ద, గ్లాసీ కాగితం

పలాసలో జీడిపిక్కల వాసన మధ్య పుట్టి పెరిగిన మా బావమరిదికి, రథసప్తమికి అరసవల్లి వచ్చే జనానికి తన సరుకు అమ్మాలన్న ఆలోచన ఎప్పుడు పుట్టిందో తెలియదు. దానికి మూడు మడతల రంగుల బ్రోచరు కావాలన్న ఆలోచన మాత్రం పండుగకు సరిగ్గా 4 రోజుల ముందు, శ్రీకాకుళంలోని మా ఇంట్లో, మధ్యాహ్నం భోజనం చేసి చేయి తుడుచుకుంటూ నా ప్రింటరు వైపు చూసిన క్షణంలో పుట్టింది. ప్రెస్సువాళ్లు 1000 కాపీలకు తక్కువైతే గిట్టదన్నారట. అతనికి కావలసినవి 100. "ఇంట్లో మిషను ఎట్టుకొని ప్రెస్సుల చుట్టూ తిరగడం ఏటి బావా!" అన్నాడు. పిల్లల ప్రాజెక్టు పనుల కోసం కొన్న ఆ ఇంకు ట్యాంకు ప్రింటరు అంతవరకూ ఆధార్ కార్డుల నకళ్లు తప్ప మరో కళాఖండాన్ని సృష్టించి ఎరగదు. అయినా బావమరిది ముందు చేతకాదని ఒప్పుకున్న బావ ఈ జిల్లాలో ఎవరైనా ఉన్నారా?

ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక స్టేషనరీ కొట్టుకు వెళ్లాము. కొట్టులోని కుర్రవాడు మూడు ప్యాకెట్లు తెచ్చి బల్ల మీద పరిచాడు. మూడూ ఇంక్‌జెట్ గ్లాసీ కాగితాలే. ఒకదాని మీద 130 జీఎస్ఎం, ఇంకొకదాని మీద 180, మరొకదాని మీద 230 అని ఉంది. మా బావమరిది ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 130 ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని, మేలురకం సరుకును చౌకగా కొట్టేసినవాడిలా నాకు కన్ను గీటాడు.

అతని లెక్క అతనికి ఉంది. జీడిపప్పు వ్యాపారంలో గుండు అంటే చీలని నిండు పప్పు, రెండుగా చీలితే బద్ద. 180 గుండు అంటే పౌనుకు, అనగా సుమారు 454 గ్రాములకు, 180 పలుకులకు మించకుండా తూగే పప్పు. 320 గుండు అంటే అదే బరువుకు 320 దాకా తూగేది. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర పెద్దది, పెళ్లివారి దగ్గర పరువూ పెద్దదే. ముప్పై ఏళ్లుగా ఆ అంకెలతోనే అన్నం తిన్న మనిషికి 230 కంటే 180, 180 కంటే 130 గొప్పవి కావడంలో వింతేమీ లేదు. "180నే రాజా గుండు అంటారు. 130 అంటే ఇంకేటి చెప్పాలి! ఈ కుర్రాడికి సరుకు తెలీదు బావా, తక్కువకి ఇచ్చేస్తున్నాడు," అని నా చెవిలో గుసగుసలాడాడు.

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అనీ, అక్కడ అంకె పెరిగేకొద్దీ కాగితం మందమవుతుందనీ నాకు తెలుసు. తెలిసీ ఎందుకు నోరు మెదపలేదంటే, డబ్బు అతనిది. పైగా మందం తక్కువైతే నా ప్రింటరు సులువుగా మింగుతుందన్న స్వార్థం నాది. ఇంటికి వచ్చాక అతను తన చిన్న కాటా తీసి పది కాగితాలు తూచి, 81 గ్రాములు వచ్చిందని సంబరపడ్డాడు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు కనుక లెక్క సరిగ్గానే ఉంది, కొట్టువాడు అబద్ధమాడలేదు. మోసపోవడానికి మాకు ఎవరి సాయమూ అక్కరలేదు.

విశాఖలో ఉన్న మా అమ్మాయి డిజైను చేసి పంపింది. బయటి వైపున బంగారు రంగులో ఒక మహా జీడిపప్పు ఉండాలనీ, అది ఒక్క మడతలో ముడుచుకుని ఉండకుండా రెండు మడతల మీద దర్జాగా పరుచుకోవాలనీ సలహా ఇచ్చినది నేనే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మొదటి కాగితం బయటికి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాము. పప్పు తళతళలాడుతోంది, కొరికితే పన్ను ఊడుతుందేమో అన్నంత నిజంగా ఉంది. మా ఆవిడ మురిసిపోతూ దాన్ని అందుకుని, తమ్ముడి పేరు మీద ముద్దుగా బొటనవేలు రాసింది. పేరు బొటనవేలికి వచ్చేసింది. జీడి సొన ఒంటికి అంటితే వారం రోజులైనా మచ్చ పోదని పలాసలో చిన్నపిల్లలకు కూడా తెలుసు; జీడిపప్పు బ్రోచరు మీది నలుపు మాత్రం తాకితే చాలు, పుట్టింటి మీద బెంగ పెట్టుకున్నట్లు లేచి వచ్చేస్తోంది.

తప్పు కాగితానిది కాదు. నా ప్రింటరులో రంగు ఇంకులు డై రకానివి, నలుపు ఒక్కటి పిగ్మెంటు రకానిది. గ్లాసీ కాగితం మీది పూత డై ఇంకును లోపలికి పీల్చుకుంటుంది. పిగ్మెంటు రేణువులు మాత్రం ఆ నున్నటి పూత మీదే కూర్చుంటాయి, అరుగు మీది అల్లుడిలా. కంప్యూటరులో కాగితం రకం దగ్గర 'ప్లెయిన్' అని ఉన్నదాన్ని 'గ్లాసీ ఫొటో' అని మారిస్తే, ప్రింటరు ఆ నల్ల ఇంకును పక్కన పెట్టి, మూడు రంగులూ కలిపి నలుపును తయారుచేస్తుంది. ఈ ఒక్క మాట కనిపెట్టేసరికి 11 కాగితాలు ఖర్చయ్యాయి.

ఇక రెండో వైపు. బ్రోచరుకు రెండు వైపులు ఉంటాయన్న సంగతి మాకు తెలిసినంతగా ఆ కాగితానికి తెలియదు. దానికి పూత ఒక వైపే ఉంది. వెనుక వైపు మామూలు కాగితమే కావడంతో ఇంకు నూనె పడ్డ బట్ట మీదిలా పాకింది. ధరల పట్టికలో 320 లోని 3 కడుపు మూసుకుని 8 అయి కూర్చుంది. మా బావమరిది దాన్ని దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, "పౌనుకి 820 అంటే అది జీడిపప్పు కాదు బావా, వేరుశనగ గుళ్లు," అన్నాడు. అంతలో పూత ఉన్న వైపు ఒక బిగువు, లేని వైపు ఒక వదులు అయి, ఆరబెట్టిన కాగితాలన్నీ వేయించిన అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. పొడవు అంచు మీద తిప్పాలో, పొట్టి అంచు మీద తిప్పాలో తెలియక తలకిందులుగా పడ్డవాటి గురించి ఇక్కడ రాయను.

పని జీడిపాకంలా సాగి రెండో రోజుకు చేరింది. మళ్లీ కొట్టుకు వెళ్లి, రెండు వైపులా గ్లాసీ పూత ఉన్న 220 జీఎస్ఎం కాగితం అడిగాము. తడి వేలితో మూలన తాకితే పూత ఉన్న వైపు జిగటగా అంటుకుంటుందని కొట్టు కుర్రవాడు చెప్పాడు. మా బావమరిది రెండు వైపులా తాకి చూసి, 220 అన్న అంకె వైపు చూడకుండా మొహం పక్కకు తిప్పుకుని డబ్బులు ఇచ్చాడు.

ఈసారి అంతా బాగానే వచ్చింది. ఒక్కో వైపు ముద్రించాక పూర్తిగా ఆరనిచ్చి రెండో వైపు ముద్రించాము. మంచాలు, బల్లలు, చివరికి ఇస్త్రీ బల్ల కూడా జీడిపప్పుతో నిండిపోయాయి. పండుగ ముందు రాత్రి అందరం కూర్చుని మడతలు పెట్టాము. 297 మిల్లీమీటర్లను 99 చొప్పున సమానంగా పంచాను. లోపలికి పోయే మడత ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలని తరువాత తెలిసింది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: మందపాటి గ్లాసీ కాగితాన్ని మడిచే ముందు, స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గీత నొక్కాలి. లేకపోతే మడత దగ్గర పూత పగిలి, లోపలి తెల్లదనం బయటపడుతుంది. మేము గీత నొక్కలేదు. గోటితో నొక్కి మడిచాము.

మర్నాడు ఉదయం అరసవల్లి దారిలో దుకాణం పెట్టాము. మొట్టమొదట వచ్చిన పెద్దాయన బ్రోచరు విప్పి, కళ్లజోడు సవరించుకుని, పై బొమ్మ వైపు పరిశీలనగా చూశాడు. రెండు మడతల మీద దర్జాగా పరుచుకున్న మహా గుండుకు నిట్టనిలువునా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, తెల్లటి చీలిక పడి ఉంది.

"బాబూ, ఇవి బద్దలే కదా?" అన్నాడాయన. "మరి గుండు రేటు రాసినావేటి?"